పాత ట్రాన్స్‌పాండర్ బాగుచేయించాలా, మార్చాలా? ముందు గొలుసంతా చూడండి

మీరు రాసింది క్లుప్తంగా ఇది. విమానం 1970ల నాటిది, నాలుగు సీట్లది. అందులో ఉన్న మోడ్ సి ట్రాన్స్‌పాండర్ (రాడార్ అడిగితే విమానం కోడ్‌నీ ఎత్తునీ జవాబుగా పంపే పెట్టె) కూడా దాదాపు అంత వయసుదే. ఈమధ్య రెండు మూడుసార్లు కంట్రోలర్లు "మీ ఎత్తు కనబడటం లేదు" అన్నారు. ఒకసారి మలుపులో ఉండగా మీ కోడ్ కూడా పోయిందన్నారు. షాపువాళ్లు దాన్ని విప్పకుండానే కొత్తది పెట్టేయమన్నారు. బాగుచేయించడమా మార్చడమా, మారిస్తే ఏ రకం, పాత యాంటెన్నా, పాత ఎన్‌కోడర్ (ట్రాన్స్‌పాండర్‌కి ఎత్తు చెప్పే పరికరం) అలాగే ఉంచొచ్చా, తీసేసిన పెట్టె ఏం చేయాలి అని అడిగారు.

నేను ముప్పై ఏళ్లుగా ఇలాంటి పెట్టెలతోనే పనిచేస్తున్నాను. మీ పెట్టె వయసు చూస్తే మార్చడమే మంచిదని నా అభిప్రాయం కూడా. కానీ మీరు చెప్పిన లక్షణాలు కొత్త పెట్టె పెట్టగానే పోతాయని ఎవరన్నా నమ్మకండి. అవి పెట్టెవి కాకపోయే అవకాశమే ఎక్కువ. ఆ సంగతి తేల్చుకోకుండా డబ్బు పెడితే, మెరిసే కొత్త ట్రాన్స్‌పాండర్‌తో ఎగురుతూ కంట్రోలర్ నోట మళ్లీ అదే మాట వింటారు.

ట్రాన్స్‌పాండర్ అనగానే అందరికీ ప్యానెల్లో కనబడేదే గుర్తొస్తుంది. నిజానికి అది గొలుసులో ఒక లంకె. నేల మీది సెకండరీ రాడార్ 1030 మెగాహెర్ట్జ్ మీద ప్రశ్న పంపుతుంది, మీ విమానం 1090 మీద జవాబిస్తుంది. ప్రశ్నలోని రెండు ముఖ్యమైన పల్సుల మధ్య ఎడం 8 మైక్రోసెకన్లయితే "నీ కోడ్ చెప్పు" అని, 21 అయితే "నీ ఎత్తు చెప్పు" అని. కోడ్ సంగతి పెట్టెకి తెలుసు, మీరు తిప్పిన నాలుగు అంకెలే కాబట్టి. ఎత్తు సంగతి దానికి సొంతంగా తెలియదు. బయటి గాలి ఒత్తిడిని తీసుకునే స్టాటిక్ పోర్టు అనే రంధ్రం నుంచి ఒక గొట్టం వస్తుంది, దాని చివర ఆ ఒత్తిడిని ఎత్తుగా మార్చే ఎన్‌కోడర్ ఉంటుంది, ఆ ఎన్‌కోడర్ నుంచి పదీ పన్నెండు సన్నటి తీగలు ట్రాన్స్‌పాండర్ వెనక కనెక్టర్లోకి వస్తాయి. జవాబు బయటికి వెళ్లడానికి ఒక కోయాక్స్ కేబుల్, విమానం పొట్ట కింద ఒక చిన్న యాంటెన్నా. వీటిలో ఏ ఒక్కటి చెడినా కంట్రోలర్ తరచూ అనేది ఒకటే మాట: "మీ ట్రాన్స్‌పాండర్ పనిచేయడం లేదు."

అందుకే ఆయన సరిగ్గా ఏమన్నాడో, అప్పుడు విమానం ఏం చేస్తోందో రాసిపెట్టుకోండి. కోడ్ కనబడుతూ ఎత్తు ఒక్కటే పోయిందంటే పెట్టెలోని ట్రాన్స్‌మిటర్, కేబుల్, యాంటెన్నా బాగానే ఉన్నట్టు. చూపు ఎన్‌కోడర్ వైపు, దాని కరెంటు వైపు, ఆ తీగల వైపు తిప్పాలి. పాత ఎన్‌కోడర్లలో సెన్సర్ వేడెక్కాలి, అందుకు కొన్ని నిమిషాలు పడుతుంది. చలికాలం ఉదయం టేకాఫ్ తర్వాత మొదట్లో ఎత్తు రాకుండా తర్వాత వచ్చేస్తే అది జబ్బు కాదు. రెండూ కలిసి పోతే కేబుల్, యాంటెన్నా, పెట్టె మూడింటినీ అనుమానించాలి. మలుపులో మాత్రమే పోతే, అదీ ఒక వైపు మలుపులోనే పోతే, యాంటెన్నాకీ రాడార్‌కీ మధ్య చక్రం కాలో, ఎగ్జాస్ట్ గొట్టమో, రెక్కో అడ్డొస్తోందని అర్థం. ఎగిరిన అరగంటకి, పెట్టె బాగా వేడెక్కాక పోతే పెట్టె మీదే అనుమానం. వాన పడ్డ తర్వాత రోజుల్లో పోతే యాంటెన్నా దగ్గర కనెక్టర్లో తేమ చేరి ఉంటుంది. మీరు చెప్పినవి రెండు వేర్వేరు సంఘటనలు, నా లెక్కలో రెండు వేర్వేరు కారణాలు.

ముందుగా ఖర్చు లేని పనులు. పాత పెట్టెలు చాలావరకు ట్రేలోకి తోసి ముందు నుంచి ఒక స్క్రూతో బిగించే రకం. వెనక యాంటెన్నా కనెక్టర్ ట్రేకే బిగించి ఉంటుంది, పెట్టె పూర్తిగా లోపలికి వెళ్తేనే దానికి అతుకుతుంది. కొద్దిపాటి ఎడం మిగిలినా ప్యానెల్ ముందు నుంచి చూసేవాడికి తెలియదు, జవాబులు మాత్రం సగం దారిలోనే చచ్చిపోతాయి. ముందు మీద రిప్లై దీపం మిణుకుమంటోంది కదా అని సంతృప్తి పడకండి. అది పెట్టె జవాబు పుట్టించిందని చెప్తుందే గానీ, ఆ జవాబు యాంటెన్నా దాటి బయటికి పోయిందని చెప్పదు. మీ దేశపు నియమాల ప్రకారం ఆ పనికి అర్హత ఉన్న మెకానిక్ చేత ఒకసారి పెట్టె బయటికి లాగించి, కాంటాక్టులు శుభ్రం చేయించి, మళ్లీ గట్టిగా కూర్చోబెట్టించండి. కోడ్ తిప్పే నాబ్‌ల లోపలి కాంటాక్టుల మీద కూడా ఏళ్ల తరబడి పొర పేరుకుంటుంది. మీరు ఒక కోడ్ పెడితే రాడార్ మీద ఇంకో అంకె పడటానికి తరచూ అదే కారణం. పెట్టె ఆపి ఉంచి ఒక్కో నాబ్‌ని ఇరవై ముప్పైసార్లు చివరి నుంచి చివరికి తిప్పితే చాలాసార్లు కోలుకుంటుంది. ఆపి ఉంచి తిప్పమనడానికి కారణం ఉంది: తిప్పే దారిలో 7500 (హైజాక్), 7600 (రేడియో చెడింది), 7700 (అత్యవసరం) అనే ప్రమాద సంకేతాలు తగలకూడదు.

ఇప్పుడు మీ ఎత్తు సమస్య. దీని మీద కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే నేను చూసినవాటిలో అందరినీ ఎక్కువ తప్పుదారి పట్టించేది ఇదే.

ఒకాయన విమానం తెచ్చారు. అప్పటికే వేరేచోట కొత్త ట్రాన్స్‌పాండర్ పెట్టించుకున్నారు, పాత తీగలకే తగిలించి ఇచ్చారు. నేల మీద పరీక్షలో అన్నీ సరిగ్గా వచ్చాయి. ఆయన చెప్పింది మాత్రం వింతగా ఉంది: రెండున్నర వేల అడుగుల దాకా కంట్రోలర్ చెప్పే ఎత్తూ తన ఆల్టిమీటరూ ఒకటే. అక్కడి నుంచి తను ఎక్కుతుంటే రాడార్ మీద దిగుతున్నట్టు కనబడుతోందట. 3,500 అడుగుల దగ్గర ఉంటే "మీరు 2,000లో ఉన్నట్టు చూపిస్తోంది" అన్నారట. పెట్టె మార్చకముందూ ఇంతే, మార్చాకా ఇంతే.

ఎత్తుని ఆ సన్నటి తీగలు గిల్హామ్ అనే కోడ్‌లో వంద అడుగుల మెట్లుగా పంపుతాయి. ఒక మెట్టు నుంచి పక్క మెట్టుకి మారినప్పుడల్లా ఒకే ఒక్క తీగ మారేలా అల్లిన కోడ్ అది. ఏ4 అనే తీగ సుమారు 2,750 అడుగుల కింద అసలు పనిలోకే రాదు. అక్కడి నుంచి 10,750 దాకా మాత్రం అది సంకేతం ఇస్తూ ఉండాలి. ఆ తీగ తెగితే కోడ్ అల్లిక వల్ల 2,750 దగ్గర అద్దం పెట్టినట్టు అవుతుంది. 3,000లో ఉంటే 2,500 అని, 3,500లో ఉంటే 2,000 అని, 4,000లో ఉంటే 1,500 అని పంపుతుంది. ఆయన చెప్పిన అంకెలు వినగానే కాగితం మీద లెక్క వేస్తే ఏ4 అని తేలింది. ట్రే వెనక కనెక్టర్ విప్పి టార్చి వేసి చూశాను. ఆ పిన్ రాగి తీగని వదిలేసి దాని పై తొడుగుని పట్టుకుని ఉంది. తీగని రెండు వేళ్లతో కొద్దిగా లాగితే పిన్ అక్కడే ఉండి తీగ చేతికొచ్చింది. కొత్త పిన్ ఒకటి వేసి క్రింప్ చేస్తే పని అయిపోయింది. అంతకుముందు నేల మీద చేసిన పరీక్షలో స్టాటిక్ లైన్లో (ఎన్‌కోడర్‌కి వెళ్లే ఆ గొట్టంలో) గాలి లాగి, విమానం పైకి వెళ్లినట్టు ఎత్తు పెంచి చూసి ఉంటే ఆ తప్పు అప్పుడే దొరికేది. ఎయిర్‌ఫీల్డ్ ఎత్తులో మాత్రమే చూశారు కాబట్టి దొరకలేదు.

ఇది ముచ్చట కోసం చెప్పడం లేదు. తప్పు ఎత్తు పంపడం ఎత్తు పంపకపోవడం కన్నా ప్రమాదం. చుట్టూ ఉన్న జెట్ విమానాల్లోని టీక్యాస్ (విమానాలు ఢీకొనకుండా హెచ్చరించే పరికరం) కూడా మీ ట్రాన్స్‌పాండర్‌నే అడుగుతుంది, మీరు చెప్పిన ఎత్తుని నమ్మి పైలట్‌ని ఎక్కమనో దిగమనో ఆదేశిస్తుంది. అందుకే కంట్రోలర్ మీ ఎత్తు తప్పుగా ఉందంటే వెంటనే నాబ్‌ని ఆల్ట్ (ఎత్తు కూడా పంపే స్థానం) నుంచి ఆన్‌కి తిప్పండి, అప్పుడు ఎత్తు ఆగి కోడ్ మాత్రమే బయటికి వెళ్తుంది. అసలు ఎత్తు పంపకపోవడం వల్ల ఏమవుతుందో 1986 ఆగస్టు 31న క్యాలిఫోర్నియాలోని సెరిటోస్ మీద తెలిసింది. ఒక చిన్న పైపర్ విమానం, ఏరోమెక్సికో డీసీ-9 ఢీకొని, విమానాల్లో 67 మంది, నేల మీద 15 మంది చనిపోయారు. ఆ పైపర్‌లో ట్రాన్స్‌పాండర్ ఉంది, ఎత్తు పంపే మోడ్ సి లేదు. అమెరికాలో పెద్ద విమానాశ్రయాల చుట్టూ మోడ్ సి, పెద్ద విమానాల్లో టీక్యాస్ తప్పనిసరి కావడం వెనక ఆ ప్రమాదం ఉంది. మీ ఎత్తు వచ్చిపోవడాన్ని చిన్న చికాకుగా తీసుకోవద్దని చెప్పడానికే ఇంత రాశాను.

ఇక పెట్టె. ఆ కాలం నాటివాటిలో చాలావరకు 1090 మెగాహెర్ట్జ్‌ని పుట్టించేది క్యావిటీ ఆసిలేటర్, దానిలో ఒక చిన్న వాక్యూమ్ ట్యూబు. వయసు మీద పడేకొద్దీ దాని పవర్ తగ్గుతుంది, ఫ్రీక్వెన్సీ అటూ ఇటూ జరుగుతుంది. మోడ్ సి పెట్టెకి అనుమతించిన తేడా ప్లస్ మైనస్ 3 మెగాహెర్ట్జ్. అది దాటితే దగ్గరి రాడార్‌కి కనబడుతూ దూరపు రాడార్‌కి కనబడకుండా పోతుంది, ఒక్కోసారి విమానంలోని టీక్యాస్‌కి కూడా. ట్యూబు మార్చి ట్యూన్ చేయొచ్చు, చేశాను కూడా. కానీ విడి భాగాలు పాత పెట్టెల నుంచి పీకినవే ఎక్కువగా దొరుకుతాయి, వాటి వయసూ అంతే. నాబ్, దీపం, ట్రే, కనెక్టర్ లాంటి పనులైతే బాగుచేయించండి. తప్పు ట్యూబులోనో దాని చుట్టుపక్కల హైవోల్టేజ్ భాగంలోనో ఉందని తేలితే అక్కడితో ఆపేయండి.

అది తేల్చడానికి షాపులో ఒక పని అడగండి. పరీక్ష చేసి "పాస్" అని ముద్ర వేసి ఇస్తే సరిపోదు. ఫ్రీక్వెన్సీ ఎంత వచ్చింది, పవర్ ఎన్ని వాట్లు, రిసీవర్ ఎంత సన్నటి ప్రశ్నకి స్పందించింది, ఈ మూడు అంకెలు కాగితం మీద రాయించుకోండి. చిన్న విమానాల తరగతికి పవర్ కనీసం 70 వాట్లు, రిసీవర్ స్పందన మైనస్ 73 డీబీఎంకి (సంకేత బలాన్ని కొలిచే ప్రమాణం) అటూ ఇటూ 4 లోపు ఉండాలి. అమెరికా నియమాల్లో ఈ పరీక్ష 24 నెలలకోసారి. పాత లాగ్‌బుక్కుల్లో గత పరీక్షల అంకెలు దొరికితే పక్కపక్కన పెట్టి చూడండి. 120 వాట్లు 95కి, 95 నుంచి 74కి వచ్చిందంటే ఇంకా పాసే, కానీ అది ఎటు పోతోందో మీకే తెలిసిపోతుంది. అవే అంకెలని రెండు రకాలుగా తీయమనండి: ఒకసారి పెట్టెని బెంచి మీద పెట్టి, ఒకసారి విమానంలో యాంటెన్నా దగ్గర. బెంచి మీద బాగుండి విమానంలో పడిపోతే దోషం కేబుల్‌ది, యాంటెన్నాది.

యాంటెన్నాని ఎవరూ పట్టించుకోరు. ఈ ఫ్రీక్వెన్సీకి పావు తరంగం ఏడు సెంటీమీటర్ల లోపే, చివర గుండు ఉన్న చిన్న కడ్డీ. పొట్ట కింద ఇంజన్ నూనె, ఎగ్జాస్ట్ మసి నేరుగా దాని మీదే పేరుకుంటాయి. ఇన్సులేటర్ మీద ఆ పొర చేరితే పవర్ అక్కడే కారిపోతుంది. దాన్ని తుడవడం విమానం కడిగేటప్పుడు చేయాల్సిన పని, వంచకుండా తుడవాలి. కడ్డీ కన్నా ముఖ్యం దాని పునాది. యాంటెన్నా విప్పి చూస్తే కింద అల్యూమినియం తెల్లటి పొడిగా మారి ఉంటుంది. విమానం రేకుతో దానికి గట్టి విద్యుత్ సంబంధం లేకపోతే యాంటెన్నాకి సగం బలం పోయినట్టే, ఎందుకంటే ఆ రేకే దానికి గ్రౌండ్ ప్లేన్. గుడ్డ తొడుగు విమానమో కాంపోజిట్ విమానమో అయితే లోపల లోహపు పలక ఉందో లేదో చూడాలి. కేబుల్ విషయంలో నేను రాజీపడను. 1970లలో వేసిన ఆర్‌జీ-58 కేబుల్ ఇంకా ఉంటే పెట్టెతో పాటే తీసేయించి, రెండు పొరల కవచం ఉన్న ఆర్‌జీ-400 వేయించండి. 3 డెసిబెల్స్ నష్టం అంటే సగం వాట్లు కేబుల్లోనే పోయినట్టు. కొత్త పెట్టె ఇన్‌స్టలేషన్ మాన్యువల్లో ఎంత నష్టం దాకా ఒప్పుకుంటారో రాసి ఉంటుంది, ఆ అంకె షాపువాళ్లని అడిగితే తడబడకూడదు. కాబట్టి పాత యాంటెన్నా, కేబుల్ ఉంచొచ్చా అన్నదానికి నా జవాబు: మొత్తం పనిలో వీటి ఖర్చు చాలా చిన్నది, ప్యానెల్ ఎలాగూ విప్పుతున్నారు, రెండూ మార్చేయండి.

ఎన్‌కోడర్ సంగతి కొంచెం వేరు. కొత్త పెట్టెలు చాలావరకు పాత గిల్హామ్ తీగలనీ తీసుకుంటాయి, ఒకే తీగ మీద వచ్చే సీరియల్ సమాచారాన్నీ తీసుకుంటాయి. మోడ్ సి ఎత్తుని వంద అడుగుల మెట్లుగా పంపితే మోడ్ ఎస్ 25 అడుగుల మెట్లుగా పంపగలదు. కానీ ఎన్‌కోడరే వంద అడుగులుగా ఇస్తుంటే పెట్టె ఏమీ చేయలేదు. నేను మీ స్థానంలో ఉంటే సీరియల్ అవుట్‌పుట్ ఉన్న కొత్త ఎన్‌కోడర్ వేసి, ఆ పది తీగల కట్టని పూర్తిగా తీసేస్తాను. పైన చెప్పిన ఏ4 లాంటి జబ్బు ఇక ఆ విమానానికి రాదు. కొన్ని కొత్త ట్రాన్స్‌పాండర్లలో ఎన్‌కోడర్ అంతర్భాగంగానే ఉంటుంది లేదా ట్రేకే తగిలించుకోవచ్చు. ఎన్‌కోడర్ మార్చడానికి స్టాటిక్ లైన్ విప్పుతారు కాబట్టి, తర్వాత లీకు పరీక్ష తప్పకుండా జరగాలి. గొట్టం జాయింటులో చిన్న లీకు ఉంటే మీ ఆల్టిమీటర్ కూడా అబద్ధం చెప్తుంది. అప్పుడు సమస్య ట్రాన్స్‌పాండర్‌ని దాటిపోయింది.

ఏ రకం కొనాలి? మోడ్ ఎస్ కన్నా తక్కువది ఇప్పుడు కొనొద్దు. మోడ్ సిలో రాడార్ ప్రశ్న వేస్తే ఆ దిక్కున ఉన్న అందరూ ఒకేసారి జవాబిస్తారు. ఒక్కో జవాబు నిడివి 20.3 మైక్రోసెకన్లు, అంటే రాడార్ నుంచి దూరంలో మూడు కిలోమీటర్లకి సమానం. అంతకన్నా దగ్గర దూరాల్లో రెండు విమానాలు ఒకే దిక్కున ఉంటే ఇద్దరి జవాబులూ కలిసి కలగాపులగం అవుతాయి. మోడ్ ఎస్‌లో రాడార్ పేరు పెట్టి పిలుస్తుంది. ప్రతి విమానానికీ 24 బిట్ల సొంత చిరునామా ఉంటుంది, పిలిచినవాడే పలుకుతాడు.

దాని మీద ఏడీఎస్-బీ (ఎవరూ అడగకుండానే జీపీఎస్ స్థానాన్ని ప్రసారం చేసే పద్ధతి) కావాలా అన్నది మీరు ఎక్కడ ఎగురుతారన్నదాన్ని బట్టి. అమెరికాలో 2020 జనవరి 1 నుంచి, స్థూలంగా మోడ్ సి తప్పనిసరి అయిన గగనతలంలో ఏడీఎస్-బీ అవుట్ (అంటే ఆ ప్రసారం పంపడం) కూడా తప్పనిసరి. ఆస్ట్రేలియాలో ఐఎఫ్ఆర్ (బయటికి చూసి కాక పరికరాల ఆధారంగా ఎగిరే నియమాలు) కింద ఎగిరే విమానాలకి 2017 ఫిబ్రవరి నుంచి ఉంది. యూరప్‌లో 5,700 కిలోలు దాటిన లేదా 250 నాట్లు దాటి పోగల ఐఎఫ్ఆర్ విమానాలకే ఆ షరతు, చిన్నవాటికి మోడ్ ఎస్ దగ్గరే ఆగుతుంది. కెనడాలో సంకేతాన్ని అందుకునేది ఉపగ్రహాలు, అందుకని పొట్ట కింద ఒక్క యాంటెన్నా చాలదు, పైకి కూడా కనబడేలా ఉండాలి. అక్కడి క్లాస్ ఏ, క్లాస్ బీ గగనతలాల్లోకి వెళ్లే ఆలోచన ఉంటే రెండు యాంటెన్నాల డైవర్సిటీ రకం ఇప్పుడే చూసుకోండి, తర్వాత చేర్చడం కుదరదు, పెట్టే మార్చాలి.

అమెరికాలో 978 మెగాహెర్ట్జ్ మీద నడిచే యూఏటీ అనే రెండో దారి ఉంది. పాత ట్రాన్స్‌పాండర్‌ని అలాగే ఉంచి, రెక్క చివరి దీపం స్థానంలోనో తోక దీపం స్థానంలోనో బిగించే పరికరాలున్నాయి. పని తేలిక, తీగలు లాగక్కర్లేదు, అందుకే చాలామందికి నచ్చింది. మీకు మాత్రం నేను సిఫారసు చేయను. అవి కోడ్‌నీ ఎత్తునీ మీ పాత ట్రాన్స్‌పాండర్ జవాబుల నుంచే వింటాయి. అది నీరసించిందని కదా మీ బాధ. పైగా యూఏటీ 18,000 అడుగుల కిందే, ఆ దేశంలోనే చెల్లుతుంది, ట్రాన్స్‌పాండర్ ఎలాగూ ఉండాల్సిందే. ఒకే పెట్టెలో మోడ్ ఎస్, 1090 ఎక్స్‌టెండెడ్ స్క్విటర్ (1090 మీదే వెళ్లే ఏడీఎస్-బీ ప్రసారం) రెండూ ఉన్నది తీసుకుంటే, కెనడాలో చెప్పిన రెండు యాంటెన్నాల షరతు లాంటివి తప్ప, ఒక దేశానికే పరిమితం కాదు.

మీ ప్యానెల్లో ఉన్నది కేటీ 76ఏ అనే పాత మోడల్ ట్రాన్స్‌పాండర్ అయితే దాని ట్రేలోకే నేరుగా దూరేట్టు చేసినవి ఉన్నాయి, ట్రిగ్ టీటీ31, బెండిక్స్ కింగ్ కేటీ 74 లాంటివి. గార్మిన్ జీటీఎక్స్ 335 లాంటివాటికి ట్రే, తీగలు కొత్తవి వేయాలి, కానీ లోపలే జీపీఎస్ ఉన్న రూపంలో దొరుకుతుంది. ప్యానెల్లో చోటు లేకపోతే పెట్టె వెనక ఎక్కడో ఉండి ముందు చిన్న కంట్రోల్ మాత్రమే ఉండే రకాలున్నాయి. "తీసి పెట్టేయడమే" అన్న మాట విని మోసపోకండి. మోడ్ ఎస్ వరకే అయితే నిజమే. ఏడీఎస్-బీ కావాలంటే ఆ పాత ట్రే వెనకకి జీపీఎస్ నుంచి కొత్త తీగ రావాలి.

ఆ జీపీఎస్ ఏదైనా పర్వాలేదనుకోవద్దు. చేతిలో పట్టుకునేదో, టాబ్లెట్‌లోదో పనికిరాదు. స్థానం చెప్పడంతో పాటు "నేను చెప్పే స్థానాన్ని ఎంతవరకు నమ్మొచ్చు" అని కూడా ప్రతి సందేశంలో చెప్పగలిగేదే కావాలి. అమెరికా నియమంలో స్థానం పొరపాటు 0.05 నాటికల్ మైలు లోపు, నమ్మకపు హద్దు 0.2 లోపు ఉండాలి. మీ ప్యానెల్లో ఇప్పటికే వాస్ జీపీఎస్ (ఉపగ్రహం ద్వారా సవరణలు అందుకునే రకం) ఉంటే దాన్నే వాడుకోండి, ఆ జంటకి అనుమతి ఉందో లేదో షాపువాళ్లు పత్రం చూపించాలి. లేకపోతే జీపీఎస్ అంతర్గతంగా ఉన్న ట్రాన్స్‌పాండర్ తీసుకోవడమే తలనొప్పి తక్కువ.

సెట్టింగులు మీరే పక్కన కూర్చుని చూడండి. ముఖ్యంగా 24 బిట్ల చిరునామా. అది మీ విమానం రిజిస్ట్రేషన్‌తో పాటు అధికారులు ఇచ్చేది. దాన్ని ఆరు హెక్స్ అక్షరాలుగా రాయొచ్చు, ఎనిమిది ఆక్టల్ అంకెలుగానూ రాయొచ్చు. ఒకదాన్ని ఇంకోదాని గడిలో కొట్టేవాళ్లని చూశాను. సెకండ్ హ్యాండ్ మోడ్ ఎస్ పెట్టె కొంటే ఇంకో ప్రమాదం: అందులో పాత విమానం చిరునామా అలాగే ఉండిపోతుంది. ఒకసారి అలాంటి విమానం మా దగ్గరికొచ్చింది. దాని యజమాని దాన్ని హ్యాంగర్ దాటించని రోజుల్లో కూడా ట్రాకింగ్ సైట్లో అది ఎక్కడో తిరుగుతూ కనిపించేదట. పెట్టె అమ్మిన విమానం కొత్త పెట్టెతో తన చిరునామాతో ఎగురుతోంది, ఈయనదీ అదే చిరునామా. రెండూ ఒకే రాడార్ పరిధిలోకి వస్తే టీక్యాస్‌కీ రాడార్‌కీ ఆ ఇద్దరూ ఒకరే. రిజిస్ట్రేషన్ గుర్తు కూడా ఫ్లైట్ ఐడీగా ఫ్లైట్ ప్లాన్‌లో రాసినట్టే, మధ్యలో గీతలు, ఖాళీలు లేకుండా పడాలి.

నేల మీద పరీక్ష చేసేటప్పుడు యాంటెన్నా మీద తొడుగు లాంటి కప్లర్ పెట్టి చేయాలి, సంకేతం బయటికి పోకూడదు. గాలి లాగి 8,000 అడుగులు అని చూపిస్తున్న వేళ అది బయటికి పోతే, మీ హ్యాంగర్ మీదుగా ఆ ఎత్తులో పోయే విమానానికి టీక్యాస్ నిజంగానే తప్పించుకోమని ఆదేశిస్తుంది. అలా జరిగిన సందర్భాలున్నాయి. మీ విమానం ఎంత ఎత్తు దాకా ఎగురుతుందో అంతదాకా ఎత్తు పెంచి, ఆల్టిమీటర్ 1013.25 హెక్టాపాస్కల్స్ మీద పెట్టి, పంపే ఎత్తుకీ దానికీ తేడా 125 అడుగుల లోపు ఉందని రాయించుకోండి. రోజూ ఎగిరేటప్పుడు మీరు స్థానిక ఒత్తిడి పెట్టినా ట్రాన్స్‌పాండర్ మాత్రం ఎప్పుడూ 1013.25 లెక్కనే పంపుతుంది, సవరణ రాడార్ వైపు జరుగుతుంది.

మొదటి ఫ్లైట్ మబ్బు లేని రోజు పెట్టుకోండి. వేర్వేరు ఎత్తుల్లో రెండు మూడుసార్లు కంట్రోలర్‌ని మీ ఎత్తు చదవమనండి, రెండు వైపులా పూర్తి చుట్టు తిరిగి సంకేతం ఎక్కడైనా పోయిందేమో అడగండి. అమెరికాలో ఎగిరినట్టయితే అక్కడి విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ ఉచితంగా ఇచ్చే ఏడీఎస్-బీ పనితీరు నివేదిక తెప్పించుకోండి. ఏ అంశం ఎంతసేపు తప్పిందో అందులో ఉంటుంది, ఎర్రగా ఒక్క గడి ఉన్నా షాపుకి వెనక్కి తీసుకెళ్లండి.

తీసేసిన పెట్టె అమ్ముకోవచ్చు, దాని నాబ్‌లు, ట్రే, కనెక్టర్ ఇంకెవరికో కావాలి. తీసే ముందు బెంచి మీద వచ్చిన మూడు అంకెలూ తేదీతో సహా దాని మీదే అంటించి ఇవ్వండి. ఫ్రీక్వెన్సీ 3 మెగాహెర్ట్జ్ దాటి జరిగి ఉంటే మాత్రం "విడి భాగాలకి మాత్రమే" అని పెద్దగా రాయండి.